జువ్విచెట్టు కింది కొమ్మ

ఏడు పెద్ద బండరాళ్లు పక్కపక్కనే ఉన్న అడవి ఒకటి ఉండేది. దాని పేరు ఏడురాళ్ల అడవి. ఆ అడవిలో ఎలుగుబంట్లు, దుప్పులు, ముళ్లపందులు, కుందేళ్లు, గిజిగాళ్లు, బెట్టుడుతలు కలిసి బతికేవి. బెట్టుడుత అంటే మన పెరట్లో తిరిగే చారల ఉడుత కాదు పిల్లలూ. అది పిల్లి అంత ఉంటుంది. ఒళ్లు ఎర్రగా ఉంటుంది, తోక ఒంటికన్నా పొడుగు. ఆ తోకను చూసుకుని దానికి కాస్త మిడిసిపాటు కూడా ఉంటుంది.

ఆ అడవిలో ఒక అలవాటు ఉండేది. ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, ఆ బిడ్డ పేరున ఒక మొక్కను రాతి పళ్లెంలో నాటేవారు. వాగులో నీళ్లకు అరిగి గుంటపడిన పలకరాళ్లే ఆ పళ్లేలు. నాటేవి మాత్రం పెద్ద జాతి చెట్లే. చింత, వెలగ, జువ్వి, రావి. అడవిలో వదిలేస్తే ఆకాశాన్ని అందుకునే ఆ చెట్లను మూరెడు ఎత్తు దాటనిచ్చేవారు కాదు. మనుషులు కూడా ఇళ్లల్లో ఇలాంటివి పెంచుకుంటారు, బోన్సాయ్ అంటారు. ఆ అడవిలో వాటిని పళ్లెం చెట్లు అనేవారు.

చెట్టును చిన్నగా ఉంచడమంటే దాన్ని ఆకలితో మాడ్చడం అనుకునేవాళ్లున్నారు. అది తప్పు. పళ్లెం చెట్టుకు పసిబిడ్డకు చేసినంత చాకిరీ చేయాలి. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం ఎండ తగలకూడదు. నీళ్లు ఎక్కువైతే వేరు కుళ్లుతుంది, తక్కువైతే ఆకు వాడుతుంది. రెండేళ్లకోసారి తొలకరి పడ్డాక వేళ్లు కత్తిరించి మన్ను మార్చాలి. అందుకే అడవిలో అందరూ తలా ఒక పని పంచుకున్నారు. బెట్టుడుతలు పళ్లతో కొమ్మలు తుంచేవి. గిజిగాళ్లు నార చుట్టి కొమ్మలను వంచేవి. ముళ్లపందులు మన్ను సంగతి చూసేవి. ఎలుగుబంట్లు తేనెపట్టుల నుంచి మైనం తెచ్చి, కోసిన చోట పూయడానికి అందరికీ ఇచ్చేవి.

ఏటా రోహిణి కార్తె చివర్లో చెట్ల పండుగ జరిగేది. అందరూ తమ చెట్లను తెచ్చి బండరాళ్ల మీద పెట్టేవారు. అడవి పెద్ద అయిన ముసలి దుప్పి అన్నీ చూసి, అందరికన్నా బాగా పెంచిన చెట్టును ఏడో రాయి మీద పెట్టించేది. ఏడో రాయి అన్నిటికన్నా ఎత్తయినది.

ఆ రాయి మీదికి మూడేళ్లుగా ఒకే బెట్టుడుత చేసిన చెట్లు ఎక్కుతున్నాయి. దాని పేరు చెంగల్రాయుడు. పనిమంతుడే, కాదనడానికి లేదు. ఒక కొమ్మ తుంచితే చెట్టు రూపే మారిపోయేది. అయితే మొదటి ఏడు పొగిడినప్పుడు సిగ్గుపడ్డాడు. రెండో ఏడు పొగిడినప్పుడు అవునన్నాడు. మూడో ఏడు ఎవరూ పొగడకముందే తనే మొదలుపెట్టాడు.

ఆ అడవిలోనే ఈరమ్మ అనే ముసలి ఎలుగుబంటి ఉండేది. ఆమె గుహ ముందు పద్దెనిమిదేళ్ల జువ్విచెట్టు ఒకటి ఉండేది. దాన్ని నాటింది ఆమె కొడుకు బుడ్డోడు. వాడు పుట్టిన ఏడు వానాకాలంలో బండ సందులో మొలిచిన జువ్విమొక్కను వాడు నోట కరుచుకుని తెచ్చి, "అమ్మా, ఇది నాది" అన్నాడు. ఇద్దరూ కలిసి పళ్లెంలో నాటారు. ఆ మొక్కకు కింద ఒక చిన్న కొమ్మ ఉండేది. బుడ్డోడు ఎప్పుడూ దాన్ని కిందికి లాగి చంకలో పెట్టుకుని కూర్చునేవాడు. పళ్లు వచ్చే వయసులో చిగుళ్లు దురదపెడితే దాన్నే కొరికేవాడు. వాడి లాగుడుకు ఆ కొమ్మ నేలవైపు వంగిపోయి అలాగే ఉండిపోయింది. దాని మీద రెండు పంటిగాట్లు కూడా ఉండిపోయాయి.

మరుసటి ఏడు వాగు పొంగింది. బుడ్డోడు ఆ వాగులో కొట్టుకుపోయాడు. మళ్లీ కనిపించలేదు.

ఆ తర్వాత ఈరమ్మకు మిగిలింది ఆ చెట్టే. పొద్దున లేవగానే ముందు దాని దగ్గరికి వెళ్లేది. కింది కొమ్మ మీద చెయ్యి పెట్టి, ఆ రెండు గాట్లు వేళ్లకు తగిలాకే మిగతా పనులు చూసుకునేది. చెట్టుతో పాటు ఆ గాట్లు కూడా కాస్త పెద్దవయ్యాయి. ఏళ్లు గడిచి ఈరమ్మకు కళ్లు పోయాయి. అప్పుడు కూడా చెయ్యి తడబడకుండా నేరుగా ఆ కొమ్మ మీదికే వెళ్లేది.

కళ్లు లేకపోయినా ఆమె నెట్టుకొచ్చింది. కానీ ఆ వేసవిలో చేతులు వణకడం మొదలైంది. నీళ్లు పళ్లెంలో పడకుండా పక్కన పడేవి. చెట్టు ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ఆ సంగతి ముళ్లపంది తిరుపాలమ్మ చెబితే ఈరమ్మ భయపడింది. తిరుపాలమ్మ ఆమెకు పొరుగుది. మాటలు తక్కువ, పని ఎక్కువ. ఆమె పెంచిన చెట్లు ఎప్పుడూ మూడో రాయిని దాటలేదు, అయితే ఒక్కటి కూడా చావలేదు.

ఈరమ్మ ముసలి దుప్పికి కబురు పంపింది. "నా చెట్టును ఎవరికైనా అప్పగించు పెద్దయ్యా. అది బతికుంటే చాలు" అంది.

మాట అడవంతా పాకింది. పద్దెనిమిదేళ్ల జువ్విచెట్టు అనేసరికి చెంగల్రాయుడి కళ్లు మెరిశాయి. అంత లావు మానున్న పళ్లెం చెట్టు అడవిలో ఇంకోటి లేదు. ఒక్క గంతులో గుహ ముందు వాలాడు.

"అవ్వా, నాకియ్యి. దీన్ని ఏడో రాయి ఎక్కిస్తా" అన్నాడు.

తిరుపాలమ్మ నెమ్మదిగా అంది, "ఈరమ్మవ్వా, చెట్టును ఇక్కడే ఉండనియ్యి. నేనే రోజూ వచ్చి చూసుకుంటా. నీ చెయ్యి దానికి అలవాటు."

చెంగల్రాయుడు నవ్వాడు. "తిరుపాలమ్మక్కా, నువ్వు మన్ను బాగా కలుపుతావు. కాదనను. రూపం తేవడం నీ వల్ల అవుతుందా?"

ఈరమ్మ ఆలోచించింది. మూడేళ్లు వరసగా ఏడో రాయి ఎక్కినవాడు, పేరున్నవాడు. వాడి చేతిలో చెట్టుకు ఏం భయం అనుకుంది. అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. పేరున్నవాళ్లను నమ్మడం అందరం చేసేదే.

"సరే నాయనా, తీసుకుపో. నెల తిరిగాక వచ్చి ఒకసారి తాకిపోతా. ఒక్క మాట మాత్రం విను. ఆ కింది కొమ్మ ఉంది చూడూ..."

"కొమ్మల సంగతి నాకు చెప్పాలా అవ్వా? పుట్టినప్పటి నుంచి నేను చేసే పనే అది" అంటూ చెంగల్రాయుడు పళ్లెం ఎత్తేశాడు. తనకు సాయంగా తెచ్చుకున్న రెండు కుందేళ్లకు దాన్ని అప్పజెప్పి, ముందు తాను నడిచాడు. ఈరమ్మ ఇంకేదో అనబోయింది. అతను అప్పటికే చాలా దూరం పోయాడు.

చెంగల్రాయుడు చెట్టును తన చెట్టుతొర్ర కింద బండ మీద పెట్టి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మాను బాగుంది. పై కొమ్మలు బాగున్నాయి. కింద ఒక కొమ్మ మాత్రం నేలను వెతుకుతున్నట్టు వంగి ఉంది. వంకర కొమ్మ. ఏ లెక్కలోనూ ఇమడని కొమ్మ. మూడు వారాలు సరిగ్గా నీళ్లు పోస్తే ఆకులు మళ్లీ పచ్చబడ్డాయి, కానీ పండుగ వారంలోకి వచ్చినా అతని చూపు ఆ కొమ్మ మీదే ఉంది.

"ఇదొక్కటీ పోతే రాజులా ఉంటుంది" అన్నాడు.

నార చుట్టడానికి వచ్చిన గిజిగాడు అక్కడే ఉన్నాడు. అతని పేరు నల్లన్న. నల్లన్న ముక్కులో నార పట్టుకుని కాసేపు తటపటాయించాడు.

"అన్నా, ఇది రోహిణి కార్తె. ఇంత ఎండల్లో ఇంత లావు కొమ్మ కోస్తే చెట్టు తట్టుకోదు. తొలకరి పడనీ."

"తొలకరి పడేసరికి పండుగ అయిపోతుంది. నీ పని నువ్వు చూసుకో."

"పోనీ అవ్వను అడిగి..."

"కళ్లు లేని అవ్వకు కొమ్మ అందం ఏం తెలుస్తుంది?" అన్నాడు చెంగల్రాయుడు. ఆ మాట అన్నందుకు అతని మీద నాకు ఈనాటికీ కోపమే.

అతను కొమ్మ మొదట్లో పళ్లు పెట్టాడు. జువ్విచెట్టుకు ఎక్కడ గాయమైనా పాలు కారతాయి. ఆ రోజు తెల్లటి పాలు మాను మీదుగా జారి పళ్లెంలో మన్ను తడిసేదాకా కారాయి. కొమ్మ కింద పడింది. దాని మీద రెండు గాట్లు ఉన్నాయి. చెంగల్రాయుడు అటు చూడలేదు. కాలితో తన్ని పొదల్లోకి తోసేశాడు.

కోసిన చోట పుట్టమన్నూ తేనెమైనమూ కలిపి పూయాలి. అది పిల్లలకు కూడా తెలిసిన సంగతి. కానీ మాను మీద మట్టి పూస్తే పండుగలో మచ్చలా కనిపిస్తుందని చెంగల్రాయుడు పూయలేదు. చెట్టు కురచగా, నిండుగా కనపడాలని లోతు తక్కువ పళ్లెంలోకి మార్చాడు. కొత్త పళ్లెంలో పట్టక సగం వేళ్లు కొరికేశాడు. పై కొమ్మలు తొందరగా వంగాలని నార బిగించి కట్టించాడు. నల్లన్న కట్టాడు. ఇష్టం లేకపోయినా కట్టాడు, ఎందుకంటే చెంగల్రాయుడంటే అతనికి భయం.

పండుగ రోజు వచ్చింది. జువ్విచెట్టును చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. నిటారుగా ఉన్న మాను, మబ్బుల్లా పరుచుకున్న పచ్చటి ఆకులు. చెట్టుకు లోపల ఏం జరుగుతోందో ఆకులు వెంటనే చెప్పవు, పది రోజులు ఆగి చెబుతాయి. ముసలి దుప్పి కూడా మోసపోయింది. చెట్టు ఏడో రాయి ఎక్కింది. చెంగల్రాయుడు తోక విసనకర్రలా విప్పి రాయి చుట్టూ తిరిగాడు.

తిరుపాలమ్మ మాత్రం దగ్గరికి వెళ్లి మాను కింద చూసింది. ఆమె ముఖం మాడిపోయింది. ఏమీ అనకుండా ఇంటికి వెళ్లిపోయింది.

ఆ గుంపులో నడవలేక ఈరమ్మ పండుగకు రాలేదు. కబురు విని సంతోషపడింది. "మా బుడ్డోడి చెట్టు ఏడో రాయి ఎక్కిందా?" అని ముగ్గురి చేత మూడుసార్లు చెప్పించుకుంది. "నెల కూడా తిరిగింది. రేపు పొద్దున్నే వచ్చి తాకుతానని ఆ నాయనకు చెప్పండి" అంది.

పక్కనే ఉన్న తిరుపాలమ్మ నోరు తెరిచింది. చెప్పాలనుకుంది. ఆ సంతోషం చూసి చెప్పలేకపోయింది. చెప్పకపోవడం కూడా తప్పేనని తర్వాత ఆమే ఒప్పుకుంది.

ఆ సాయంత్రం నల్లన్న చెంగల్రాయుడి దగ్గరికి ఎగురుకుంటూ వచ్చాడు.

"అన్నా, కొంప మునిగింది. అవ్వ రేపు వస్తుందట. రోజూ పొద్దున ఆ కింది కొమ్మనే తాకేదట. చచ్చిపోయిన కొడుకు వంచిన కొమ్మ అట అది."

 చెంగల్రాయుడి తోక దానంతట అదే కిందికి వాలింది. అప్పుడైనా నిజం చెప్పి కాళ్ల మీద పడి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ ఏడో రాయి ఎక్కి ఇంకా ఒక పూట కూడా కాలేదు. దిగడానికి మనసు రాలేదు.

"పోయి ఇంకో జువ్వి కొమ్మ తీసుకురా. అంతే లావుది, అలాగే వంగినది. గట్టిగా కట్టు. కట్టు కనపడకుండా తుమ్మబంక పూద్దాం. ఆమెకు కళ్లు లేవు కదా."

పొద్దున్నే ఈరమ్మ చెంగల్రాయుడి తొర్ర దగ్గరికి వచ్చింది. తిరుపాలమ్మ ముళ్లు తగలకుండా ఒద్దికగా పక్కన నడుస్తూ తీసుకొచ్చింది. వెనకాల ముసలి దుప్పి, కుందేళ్లు, ఇంకా చాలామంది వచ్చారు. గెలిచిన చెట్టును ఈరమ్మ తాకుతుంటే చూడాలని వాళ్లకు ఆశ.

"రా అవ్వా, రా. నీ చెట్టు ఎంత బాగుందో అందరూ చెప్పుంటారు" అన్నాడు చెంగల్రాయుడు. గొంతు కాస్త ఎక్కువే గట్టిగా వచ్చింది.

ఈరమ్మ నవ్వుతూ చెయ్యి చాచింది. చెయ్యి నేరుగా కింది కొమ్మ మీదికి వెళ్లింది. ఒక వేలు ఒకచోట ఆగింది. పక్కకు జరిగింది. మళ్లీ మొదటికి వచ్చింది. గాట్ల కోసం వెతికింది. కొమ్మ పొడుగునా వెతికింది.

ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"ఇది నా కొమ్మ కాదు" అంది.

"అదేందవ్వా, నీదే. నీదే అది" అన్నాడు చెంగల్రాయుడు.

ఈరమ్మ కొమ్మను కాస్త వంచింది. బంక విడిపోయింది, నార తెగింది. కొమ్మ ఆమె చేతిలోకి వచ్చేసింది. దాని ఆకులు అప్పటికే వాడిపోతున్నాయి. కోసిన చోట మాను నల్లగా మారి, చీమలు పట్టి ఉంది. అందరూ చూశారు. 

"దీన్ని ఎవరు కట్టారు?" అని అడిగింది ఈరమ్మ.

"నేనేనవ్వా" అన్నాడు నల్లన్న ఏడుస్తూ. "కట్టింది నేనే. కట్టనని చెప్పే ధైర్యం లేకపోయింది."

"నా కొమ్మ యాడుంది నాయనా?" అని ఈరమ్మ చెంగల్రాయుడిని అడిగింది. గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అక్కడున్న అందరికీ అనిపించింది.

చెంగల్రాయుడు పొదల్లోకి పరుగెత్తాడు. చాలాసేపు వెతికాడు. కొమ్మ దొరికింది, కానీ చెదలు పట్టి ఉంది. లోపలంతా తినేసి పైన బెరడు మాత్రం వదిలాయి. దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా తెచ్చి ఈరమ్మ చేతిలో పెట్టాడు. ఆమె గాట్ల కోసం వేలితో తడిమింది. బెరడు పొడిపొడిగా రాలిపోయింది.

ఈరమ్మ ఆ పొడిని చాలాసేపు పిడికిట్లో పట్టుకుని నిలబడింది.

ముసలి దుప్పికి పట్టరాని కోపం వచ్చింది. "చెంగల్రాయా, నీ గెలుపు చెల్లదు. ఇక ఏ ఇంటివాళ్లూ నీ చేతికి చెట్టు ఇవ్వరు. అడవి వదిలి పో" అంది.

"వాణ్ణి పంపించొద్దు పెద్దయ్యా" అంది ఈరమ్మ. "కొమ్మ ఎట్లాగూ పోయింది. చెట్టు ఎట్లుందో చూడండి ముందు."

తిరుపాలమ్మ దగ్గరికి వెళ్లింది. వీపు మీది నుంచి ఒక ముల్లు తీసి మన్నులో గుచ్చి, బయటికి తీసి వాసన చూసింది. వేళ్ల వైపు తవ్వి చూసింది. కట్టిన నార బెరడులోకి దిగి కోసుకుపోయింది.

"అబద్ధం చెప్పలేనవ్వా. చెట్టు చావబోతోంది. వేళ్లు సగం లేవు. ఉన్నవాటిలో కొన్ని కుళ్లాయి. నేను చేయగలిగింది చేస్తా, బతుకుతుందని మాట మాత్రం ఇవ్వలేను."

"చాలమ్మా. బుడ్డోణ్ణి ఆ వాగు ఒక్కసారి తీసుకుపోయింది. ఈ చెట్టు కూడా పోతే వాడు రెండోసారి పోయినట్టే నాకు" అంది ఈరమ్మ. అప్పుడు ఆమె ఏడ్చింది.

చెట్టును తిరిగి ఈరమ్మ గుహ ముందుకు చేర్చారు. తిరుపాలమ్మ ఆ రోజే పని మొదలుపెట్టింది. నల్లన్న చేత నార కట్లన్నీ ఒక్కొక్కటిగా విప్పించింది. లాగకుండా ఒక్కో చుట్టునూ తెంపి తీయమంది. కుళ్లిన వేళ్లు తీసేసి, వాగు ఇసుక, ఆకు ఎరువు, పుట్టమన్ను కలిపి లోతైన పళ్లెంలో నాటింది. నల్లబడిన గాయాన్ని మంచి చెక్క కనపడేదాకా గీకి, మన్నూ మైనమూ కలిపి మందంగా పూసింది. ఆ తర్వాత ఆకుల్లో సగానికి పైగా తుంచేసింది.

అది చూసి చెంగల్రాయుడు ఉలిక్కిపడ్డాడు. "ఆకులు తీస్తే బోసిగా ఉంటుంది కదక్కా!"

"ఉండనీ. ఉన్న నాలుగు వేళ్లు అన్ని ఆకులకు నీళ్లు పంపలేవు. ఇప్పుడు దీనికి అందం వద్దు, ఊపిరి కావాలి" అంది తిరుపాలమ్మ. "నీకు పని చేయాలని ఉందా?"

"ఉంది."

"అయితే పళ్లెంలో నీళ్లు పోయొద్దు. వేళ్లు ఇంకా తట్టుకోలేవు. కొమ్మల మీద మంచు కురిసినట్టు చిలకరించాలి. వాగులో తోక ముంచుకుని రా. రోజుకు ఇరవైసార్లు."

అడవి అడవంతా చూస్తుండగా చెంగల్రాయుడు ఆ పని చేశాడు. వాగుకు పోవడం, తోక ముంచడం, పరుగెత్తి రావడం, చెట్టు మీద విదిలించడం. నాలుగు రోజులకు తోకలో మెరుపు పోయింది. పది రోజులకు వెంట్రుకలు ఊడి, తోక తడి చీపురులా తయారైంది. కుర్రకుందేళ్లు నవ్వాయి. అతను మళ్లీ వాగు వైపే పరుగెత్తాడు.

ఈరమ్మ అతనికి ఇంకో పని కూడా పెట్టింది. "నాకు కళ్లు లేవు. రోజూ పొద్దున నువ్వు చెట్టును చూసి ఎట్లుందో నాకు చెప్పాలి. ఉన్నదున్నట్టు చెప్పాలి" అంది.

అన్నిటికన్నా కష్టమైన పని అదే.

"ఎట్లుంది నాయనా?"

"రెండు ఆకులు రాలాయవ్వా."

"ఈరోజు?"

"ఇంకో ఐదు రాలాయి."

"ఈరోజు?"

"ఇంక ఆకులు లేవవ్వా. కొమ్మలే ఉన్నాయి."

ఇలా రోజులు గడిచాయి. మృగశిర వచ్చింది. మబ్బులు పట్టాయి కానీ వాన పడలేదు. ఈరమ్మ తేనె ముట్టడం మానేసింది. ఒక రోజు లేవలేక గుహలో పడుకునే అడిగింది, "ఎట్లుంది నాయనా?"

చెంగల్రాయుడు చెట్టు వైపు చూశాడు. మోడు. "చిగురు కనిపిస్తోందవ్వా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే ఆమె లేచి కూర్చుంటుంది, తేనె తాగుతుంది. ఆమెకు ఎలాగూ కనపడదు. కానీ ఆ ఆలోచన ఇంతకు ముందు ఒకసారి తనకు వచ్చిందని అతనికి గుర్తుకొచ్చింది.

"ఏమీ లేదవ్వా" అన్నాడు. చెబుతూ ఏడ్చేశాడు.

తిరుపాలమ్మ మాత్రం రోజూ వచ్చి ముల్లు గుచ్చి చూసేది. కొమ్మ బెరడు గోటితో చిన్నగా గీకి చూసేది. లోపల ఇంకా పచ్చగానే ఉందా అని చూడటానికి అది పద్ధతి. "పచ్చగా ఉంది. కొంచెమే ఉంది. ఓపిక పట్టాలి" అనేది. మరుసటి రోజు మళ్లీ వచ్చేది. పొగడ్తలు లేవు, రాళ్లు ఎక్కడం లేదు. నీడ ఎటు జరిగితే అటు పళ్లెం జరిపేది.

చివరికి తొలకరి పడింది. రెండు రోజులు సన్నగా కురిసింది. మూడో రోజు పొద్దున చెంగల్రాయుడు ఎప్పటిలాగే చెట్టు దగ్గరికి వెళ్లాడు. మాను పైభాగంలో, ఎవరూ అనుకోని చోట, బెరడు చీలి ఎర్రటి మొన ఒకటి బయటికి వచ్చింది. జువ్వి చిగురు ఎర్రగానే ఉంటుంది. అతను నమ్మలేక రెండుసార్లు చూశాడు. తిరుపాలమ్మను పిలిచి ఆమెకు చూపించాడు. ఆమె తల ఊపాకే గుహలోకి పరుగెత్తాడు.

"చిగురేసిందవ్వా! నిజంగా వేసింది!"

ఈరమ్మ లేచింది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు. తిరుపాలమ్మ ఆమె వేలిని చిగురు మీదికి తీసుకెళ్లి ఆనించింది. ఆ మెత్తటి మొనను ఈరమ్మ తాకీ తాకనట్టు తాకింది. "బతికింది" అంది. "నా బిడ్డ చెట్టు బతికింది." ఆ పూట ఆమె తేనె తాగింది.

వానాకాలం ముగిసేసరికి చెట్టు మళ్లీ పచ్చబడింది. ఈరమ్మ అందరి ముందూ తిరుపాలమ్మ చెయ్యి పట్టుకుని, "నా తర్వాత ఈ చెట్టు నీది. నేనున్నన్నాళ్లూ ఇక్కడే ఉంటుంది, నువ్వే చూసుకో" అంది. ఆ మాట విన్నాక అడవిలో జబ్బుపడ్డ చెట్లన్నీ తిరుపాలమ్మ ఇంటికే వచ్చాయి. ఎవరు చెట్టు తెచ్చినా ఆమె ముందు వాళ్లను కూర్చోబెట్టి, ఆ చెట్టు ఎవరు నాటారో, ఏ కొమ్మ ఎలా వచ్చిందో అడిగేది. అంతా విన్నాకే ముట్టుకునేది. మరుసటి ఏడు పండుగలో ముసలి దుప్పి ఆమెనే చెట్లన్నిటికీ పెద్దదిక్కుగా నిలబెట్టింది. నల్లన్న ఆమె దగ్గరే పనికి కుదిరాడు.

చెంగల్రాయుడి చేతికి మాత్రం ఎవరూ చెట్టు ఇవ్వలేదు. అతను అడగలేదు కూడా. ఆ పండుగ రోజు అందరూ బండరాళ్ల దగ్గరికి వెళ్లిపోతే, అతను ఈరమ్మ గుహకు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఏడాదిగా మనసులో దాచుకున్న మాట అప్పుడు అడిగాడు.

"నన్ను క్షమించావా అవ్వా?"

 ఈరమ్మ అతని తల మీద చెయ్యి వేసింది.

"నువ్వు చేసిన చాకిరీ నాకు తెలుసు నాయనా. నీ మీద కోపం ఎప్పుడో పోయింది. కానీ పొద్దున లేవగానే నా చెయ్యి అక్కడికే పోతుంది. అక్కడ ఏమీ ఉండదు. రోజూ పోతుంది, రోజూ ఏమీ ఉండదు. దానికి నన్నేం చేయమంటావు, చెప్పు?"

 చెంగల్రాయుడు తల వంచుకుని ఆ చేతి కిందే కూర్చుండిపోయాడు.

నీతి: ఒకరు నమ్మి మన చేతిలో పెట్టినదాన్ని మన గొప్ప కోసం మార్చకూడదు. తెంచే ముందు అడగాలి. తెంచాక ఎంత సేవ చేసినా పోయింది తిరిగి రాదు.